పేరు రావాల్సిన చోట చప్పట్లు

మా వదిన కర్మ నాడు సుల్తానాబాద్‌లో మా అన్న భజన పెట్టించాడు. ఇప్పటి భజనంటే నలుగురు పడుచువాళ్ళు, ఒక డోలక్, ఒక కీబోర్డు, ఊరంతా వినబడే మైకు. షామియానా కింద మా ముసలివాళ్ళకు కుర్చీలు వేశారు. వెనక పొయ్యిల మీద కూర ఉడుకుతున్న వాసన. చనిపోయిన మనిషి గురించి మాట్లాడవలసిన మాటలు పొద్దున్నే అయిపోయాయి కాబట్టి ఒకరి బీపీ మాత్రల గురించి ఒకరం అడుగుతున్నాం. నేను పాటలు వింటున్నట్టు తల ఊపుతున్నాను. అరవై దాటినప్పటి నుంచి నాకు బాగా అలవాటైన పని అది. అంతలో ఆ పిల్లలు ఒక పాట ఎత్తుకున్నారు.

గల్లుమన్నది గాజు గాదే – చెయ్యి ఆడితె మోగెనే
చెయ్యి ఆగిన నాడు గాజుకు – మాట ఏదే ఓ చెల్లె

నా తల ఊగడం ఆగిపోయింది. పక్కనున్న మా ఆడబిడ్డ "ఏమైంది, కండ్లు తిరిగినయా?" అని చెయ్యి పట్టుకుంది. ఏం లేదన్నాను. పాట చరణాలు దాటుతూ చివరికి వచ్చింది. "మట్టిలోనే పుట్టె గాజు, మట్టిలోనే కలిసెనే, మధ్యలో ఈ మోత ఎవరిదొ, ఎరుక నీకే" అని ఆగి, పాడేవాళ్ళు, వెనక కూచున్న ఆడవాళ్ళు, అందరూ కలిసి ఫట్టుమని ఒక్కసారి చప్పట్లు కొట్టారు. తర్వాత మళ్ళీ పల్లవి అందుకున్నారు.

మా వైపు తత్వాలు విన్నవాళ్ళకు తెలుసు, ఆఖరి పాదంలో పాట కట్టినవాళ్ళ పేరు ఉంటుంది. దాన్ని ముద్ర అంటారు. ఈ పాటలో ఆ పేరు ఉండవలసిన చోట చప్పట్లు ఉన్నాయి. ఎందుకున్నాయో ఆ షామియానా కింద నాకు తప్ప ఇంకొకరికి తెలిసే వీలు లేదు. ఆ చప్పట్లు మొట్టమొదట కొట్టిన మనిషి మా రాజవ్వ అత్త.

రాజవ్వ అత్త మా బాపుకు, అంటే మా నాన్నకు, చెల్లెలు. కాపురానికి పోయిన ఏడాదే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. మా ఇళ్ళల్లో మారుమనువు లేదు. నాకు తెలివి వచ్చేటప్పటికి, అంటే నిజాం రాజ్యం పోయిన కొత్తలో, ఆమె మా ఇంట్లో ఇసుర్రాయి దగ్గర ఉండేది. తెల్లవారకముందే జొన్నలు విసరడం, పగలు ఆ పిండితో గడుక కలపడం, సాయంత్రం బర్రెకు కుడితి పెట్టడం ఆమె పనులు. చేతులకు వెండి కడియాలు రెండు. గాజులు లేవు. ఏడుపుగొట్టు మనిషి అనుకునేరు, కాదు. మా బాపమ్మ ఆకు దంచుకునే చిన్న రోలు కనిపించకపోతే "వెతుకు, నీ కండ్లు నెత్తికెక్కినయా" అని తల్లినే దబాయించేది. నోరు అంత గట్టిది. ఆ ఇంట్లో బాపు ఒక్కడికే ఆమె జంకేది.

ఆమెకు లోకంలో ఒకే ఒక పిచ్చి ఉండేది. గాజుల ఎల్లయ్య పాటలు.

ఎల్లయ్య ఊరూరా తిరిగి గాజులు తొడిగేవాడు. భుజానికి అడ్డంగా గాజుల మలారం వేసుకుని, నడుస్తుంటే అది గలగలమంటుంటే, ఆ సప్పుడుకు తాళం తప్పకుండా కాలు వేసేవాడు. సుల్తానాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు ముగించుకుని గోదావరి దాటి జైనూర్ కొండల దాకా, అక్కడి నుంచి ఆదిలాబాద్ దాకా పోయి, పండుగల ముందు మళ్ళీ మా వైపు వచ్చేవాడు. మా వాకిట్లో కూచుని ముందు కుసుమ నూనె అడిగేవాడు. ఆడవాళ్ళ చేతులకు ఆ నూనె రాసి, వేళ్ళు దగ్గరికి నొక్కి, కణుపుల మీద నుంచి గాజు ఎక్కించేటప్పుడు ప్రాణం పోయినట్టుంటుంది. ఆ నొప్పి తెలియకుండా పాడేవాడు. పాత పాటలు కాదు, తాను కట్టినవే. పాట పొడవు చేతిని బట్టి ఉండేది. చెయ్యి మెత్తగా ఉన్న కొత్త పెళ్ళికూతురికి రెండు చరణాలు. చేన్లో కలుపు తీసి గట్టిపడ్డ చేతులకు అయిదారు చరణాలు. చరణం చాలకపోతే అక్కడికక్కడ ఇంకొకటి కట్టేవాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చినప్పుడు మరాఠీ మాటలు కొన్ని అతుక్కుని వచ్చేవి, మిగతా ఊళ్ళు తిరిగేసరికి రాలిపోయేవి.

గాజులు తొడిగే చోటికి ముండమోసినవాళ్ళు రాకూడదు. నీడ పడకూడదనేవాళ్ళు. అందుకని అత్త వంటింటి తలుపు వెనక నిలబడి వినేది. ఎల్లయ్య మలారం సప్పుడు వీధి చివర వినబడగానే ఇసుర్రాయి ఆగిపోయేది. మా అవ్వ, అంటే మా అమ్మ, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి బతిమాలేది. "వదినా, ముందు నువ్వు కూసో. నీ చెయ్యి గట్టిది. పాట మొత్తం పడుతది."

"మొన్ననే ఏసుకుంటి గదనే! చేతినిండ ఉన్నయ్."

"నాలుగు పలగ్గొట్టుకో. రోలుకు తగిలిందని చెప్పు."

అవ్వ నవ్వుతూనే నిజంగా పగలగొట్టుకునేది. మా ఇంట్లో గాజులు ఎందుకిన్ని పగులుతున్నాయో బాపుకు చివరి దాకా అర్థం కాలేదు. "ఈ ఇంట్ల ఆడోళ్ళు పని జేస్తున్నరా, కుస్తీ పడుతున్నరా?" అని ప్రతి పండుగ ముందూ అనేవాడు. అవ్వ చెయ్యి మా అత్తకు రేడియో లాంటిది. అవ్వ నొప్పితో పళ్ళు బిగించేది, అత్త తలుపు వెనక కళ్ళు మూసుకునేది. నేను మధ్యలో, గడప మీద కూచుని ఇటూ అటూ చూసేదాన్ని.

ఒకసారి అవ్వ బొటనవేలి కణుపు దగ్గర గాజు ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కు రాదు. ఎల్లయ్య దాన్ని ఎక్కించే పనిలో పడి, పాడుతున్న పాటలో తర్వాతి పాదం మరిచిపోయాడు. "అరె, ఏముండె..." అని తల గోక్కున్నాడు. తలుపు వెనక నుంచి అత్త గొంతు ఆ పాదం అందించింది. మా బాపమ్మ రోట్లో ఆకు దంచడం ఆపింది. ఎల్లయ్య తలెత్తి తలుపు వైపు చూశాడు.

"ఎవలు తల్లీ? నా పాట నాకంటె మంచిగ ఎరుకున్నది!"

"పోయినసారి దీంట్ల ఇంకో చరణం ఉండె ఎల్లన్నా. సీకటి గాజుది. గది ఎగ్గొట్టినవ్" అంది తలుపు.

ఆ రోజు నుంచి ఎల్లయ్య మా వాకిట్లో కూచుంటే ముఖం తలుపు వైపు పెట్టి కూచునేవాడు. పాట మరిచిపోతే ఆగేవాడు. తలుపు అందించేది. అతను నిజానికి తన పాటలు గుర్తుపెట్టుకునేవాడు కాదు. కట్టాడు, తొడిగాడు, లేచిపోయాడు. ఏ పాట ఏ పండుగకు కట్టాడో, ఏ చరణం ఎవరి చేతి దగ్గర పుట్టిందో అన్నీ అత్త దగ్గర ఉండేవి. కలుపు తీసే చోట, బాయి దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకు వినిపించేది. విన్నాక "ఎట్లున్నది?" అని అడిగేది. బాగుంది అంటే చాలదు, ఎందుకు బాగుందో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ పాడేది. కొందరు ఆమెను చూసి బిందె ఎత్తుకుని దారి మార్చేవాళ్ళు.

ఇప్పుడు నిదానంగా ఆలోచిస్తే ఎల్లయ్య పాటలన్నీ గొప్పవి కావు. సగం పాటలు నొప్పి మరిపించడానికి పుట్టినవి, నొప్పితో పాటే పోదగినవి. నేను తర్వాత చదువుకున్నాను, బళ్ళో తెలుగు పాఠాలు చెప్పాను, పెద్దపెద్ద పద్యాలు అర్థాలతో సహా పిల్లల చేత వల్లె వేయించాను. అయినా మిగిలిన సగం పాటల్లాంటివి నాకు ఎక్కువగా తగల్లేదు. మా అత్తకు ఈ తేడా చెబితే నన్ను ఇంట్లోంచి గెంటేసేది. ఆమెకు అన్నీ సమానమే.

ఒక శ్రీరామనవమి నాడు పందిట్లో భజన నర్సయ్య ఈ గాజు పాటే పాడాడు. నర్సయ్య మా ఊరి భజనకు పెద్ద, మంచి గొంతు, మా బాపుకు వరసకు అన్న. ఆఖరి పాదంలో "ఎరుక నీకే నర్సయ్యా" అన్నాడు. అప్పటికి ఎల్లయ్య పాటలో అక్కడ ఏ పేరూ లేదు, "ఎరుక నీకే ఓ చెల్లె" అని ఉండేది. ఆడవాళ్ళ మధ్య కూచున్న మా అత్త దిగ్గున లేచింది.

"ఓ నర్సన్నా! గా పాట నీది గాదు. గాజుల ఎల్లన్నది."

పందిట్లో అంతా నవ్వారు. నర్సయ్య మాత్రం కోప్పడలేదు, చిడతలు ఒళ్ళో పెట్టుకుని నింపాదిగా అడిగాడు. "పేరేది మరి అండ్ల? ముద్ర లేని పాట ముక్కుతాడు లేని ఎద్దు. ఎవడు పట్టుకుంటే వానిదే."

ఆ మాట అత్తను కాల్చింది. ఇంటికి వచ్చి పానకం కూడా తాగలేదు. "నర్సన్న దొంగ గాడు. ముక్కుతాడు ఏయనోనిదే తప్పు" అని మా అవ్వతో అంది. ఆ తర్వాత ఎల్లయ్య వచ్చేదాకా ఆమెకు అదే ధ్యాస. ఆ మనిషి ముసలివాడవుతున్నాడు, రేపు పోతే పాటలన్నీ దొరికిన ఎడ్లను ఎవరికి వాళ్ళు తోలుకుపోయినట్టు పోతాయి, ఎల్లయ్య అనేవాడొకడు పాడాడని కూడా ఉండదు. ఇది ఆమెకు సొంత బిడ్డ విషయమంత అయిపోయింది. ఆమెకు బిడ్డలు లేరన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, నేను కొత్తగా చెప్పేది కాదు.

ఎల్లయ్య వచ్చాడు. అవ్వ చెయ్యి చాచింది. తలుపు మాట్లాడింది.

"పాట ఆఖర్ల నీ పేరు పెట్టు ఎల్లన్నా."

"గాజు మీద గాజులోని పేరుంటదా చెల్లె? ఎవరి చేతికి ఎక్కితె వాళ్ళ గాజు."

"గాజు పలుగుతది. పాట పలగది. పేరు పెట్టు."

"జర నిమ్మళంగ ఉండు తల్లీ. నా పేరుతోని ఎవలకేం పని?"

"పెట్టకపోతె ఇగ మరిచిపోయినప్పుడు నేను అందియ్య. నోరు మూసుకోని కూసుంట."

అన్నంత పనీ చేసింది. ఎల్లయ్య మూడో చరణం దగ్గర ఆగాడు, తలుపు వైపు చూశాడు. తలుపు పలకలేదు. పాట అక్కడే నిలిచిపోయింది. అవ్వ "అయ్యో, నొస్తున్నది, ఎవరన్న పాడుండ్రి!" అని అరిచింది. ఎల్లయ్య నవ్వి, "సరె చెల్లె, పెడుత. బతుకమ్మకు వచ్చేటప్పటికి పేరు పెట్టుకోని వస్త" అన్నాడు. అత్త అప్పుడు పాదం అందించింది.

బతుకమ్మ ముందు వచ్చాడు. పండుగ బేరం కాబట్టి వాడకట్టు ఆడవాళ్ళంతా మా వాకిట్లోనే ఉన్నారు. గాజు పాట ఎత్తుకున్నాడు. చివరి చరణం దగ్గర గొంతు పెంచి, తలుపు వైపు చూస్తూ పాడాడు.

మట్టిలోనే పుట్టె గాజు – మట్టిలోనే కలిసెనే
మధ్యలో ఈ మోత ఎవరిదొ – ఎరుక నీకే రాజవ్వా

తలుపు వెనక కడియాలు గోడకు తగిలిన సప్పుడు వినబడింది. ఎల్లయ్య ముఖం చూస్తే చిన్నపిల్లవాడు మిఠాయి తెచ్చి ఇచ్చినట్టుంది. ఏం చేశాడో ఆ అమాయకుడికి తెలియదు. తన పాటలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళ పేరే పెట్టాలనుకున్నాడు, పెట్టాడు. గాజులు తొడిగేవాడు మొగుడు లేని మనిషి పేరు పాటలో కట్టి నలుగురిలో పాడితే ఊరు ఏమనుకుంటుందో అతనికి తోచలేదు. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళకు మాత్రం వెంటనే తోచింది.

పొద్దుగూకేలోగా మాట బాపు చెవిన పడింది. బాపు కేకలు వేసే మనిషి కాదు. మర్నాడు పొద్దున బజారులో ఎల్లయ్యను పిలిచి, "ఎల్లయ్యా, ఇగ మా వాకిట్లకు రాకు" అన్నాడు.

"తప్పు జెయ్యలే పటేలా. పేరు పెట్టుమన్నది, పెట్టిన."

"నువ్వు చెయ్యలే. నాకు ఎరుకే. కాని రాకు."

ఎల్లయ్య మలారం సర్దుకుని వెళ్ళిపోయాడు. మా వాకిలికే కాదు, మా ఊరికే రాలేదు మళ్ళీ. అత్త ఆ రోజంతా ఇసుర్రాయి విసిరింది. విసరడానికి జొన్నలు లేకపోయినా విసిరింది. ఎల్లయ్య మీదే ఆమె కోపం. "పిచ్చోడు! నీ పేరు పెట్టురా అంటె నా పేరు పెడుతడా? ఉన్న ఒక్క దారి గూడ బంద్ జేసిండు!" అని తిట్టి, ఆ తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఊరు రెండుగా మాట్లాడింది. కొందరు వినకూడని మాటలు అన్నారు. మంచివాళ్ళు మాత్రం, ముద్ర చూసి అర్థం చేసుకునే అలవాటున్న వాళ్ళు, "అబ్బ, రాజవ్వ ఎంత మంచి తత్వం కట్టింది! మనకు ఇన్ని రోజులు ఎరుకలేకపాయె" అని మెచ్చుకున్నారు. నర్సయ్య స్వయంగా ఇంటికి వచ్చి, "చెల్లె, నీదని ఎరుకలేక నా పేరు పెట్టుకున్న, ఏమనుకోకు" అన్నాడు. అత్త మొత్తుకుంది, నాది కాదు, ఎల్లయ్యది అని. మొహమాటపడుతోంది అనుకున్నారు. ఆ రోజు ఆమె మా అవ్వతో అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "నన్ను తిట్టినోళ్ళే నయం వదినా. వాళ్ళకు పాట ఎవలదో ఎరుకే."

ఆ తర్వాత చాలా కాలం పాడలేదు. మళ్ళీ పాడింది మా వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నప్పుడు. ఎండ, ఎర్రటి కుప్ప, చుట్టూ ఆడవాళ్ళు. ఎవరో అడిగారు, "రాజక్కా, నీ పాట పాడరాదు" అని. నా పాట కాదు అని కసిరి, పాడింది. చివరికి వచ్చి "ఎరుక నీకే" అని ఆగి, రెండు చేతులూ గట్టిగా చరిచింది. మిరపకారం లేచి అందరూ తుమ్మారు. నవ్వారు. మళ్ళీ అదే చోటికి వచ్చినప్పుడు అందరూ కలిసి చరిచారు. పిల్లల ఆటలా నచ్చింది వాళ్ళకు.

సాయంత్రం నేను అడిగాను, పేరు ఎందుకు పాడలేదని. అప్పటికి నేను లంగావోణీలోకి వచ్చాను.

"ఎల్లన్న పేరు నా నోట వస్తె నీ బాపు బజార్ల తల దించుకోవాలె. నా పేరు నేనే పాడితె పాట దొంగనైత. రెండూ లేకుంటె సప్పుడన్న ఉంటది గద. ఇక్కడ ఏదో ఉండె అని ఎరుకైతది." కారం మండుతున్న చేతులకు మజ్జిగ రాసుకుంటూ మళ్ళీ అంది. "మేమిద్దరం పోయినంక నువ్వు చెప్పు బిడ్డా. అప్పటికి ఎవలకు ఫికరుండది."

సరే అన్నాను. ఆ వయసులో దేనికైనా సరే అంటాం.

నన్ను ఆదిలాబాద్ ఇచ్చారు. పత్తి బండ్లు, జిన్నింగు మిల్లులు, ఇంటి పక్కన మరాఠీ మాటలు. గాలి వీస్తే దండెం మీద బట్టలకు దూది అంటుకునేది. ఒక రోజు మా అత్తగారు గాజులాయన్ని పిలిచింది. మలారం గలగల వినగానే గబగబా వాకిట్లోకి వచ్చాను. ఎల్లయ్యే. ముసలివాడైపోయాడు, గొంతు బొంగురుపోయింది. నా చెయ్యి పట్టుకుని ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఎవరి బిడ్డనని అడిగాడు. చెప్పాను. అతను గాజు పక్కన పెట్టాడు.

"రాజవ్వ పాడుతున్నదా బిడ్డా?"

పాడుతోందన్నాను. మిరపకాయల రోజు సంగతి, పేరు చోట చప్పట్ల సంగతి చెప్పాను. తుమ్ముల సంగతి కూడా చెప్పాను. ఎల్లయ్య తల వంచుకుని విని, కండువాతో కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"నా పేరు గంత గట్టిగ ఎవలు పలుకలే" అన్నాడు.

గాజు పాటే పాడుతూ తొడిగాడు. నావి అప్పటికే పలకా బలపం పట్టే చేతులు, మెత్తవి. రెండు చరణాలకే పని అయిపోయింది. చివరి చరణం దాకా రానే లేదు. "నీ చెయ్యి మెత్తగున్నది, పాట సగమే పట్టింది" అని మలారం భుజాన వేసుకున్నాడు. కొంత కాలానికి పక్కింటామె చెప్పింది, ఆ గాజుల ముసలాయన పోయాడని. రాజవ్వ అత్తకు కబురు పంపాను. ఆమె ఏమందో నాకు తెలియదు, నేను అక్కడ లేను. ఆమె కూడా పోయి ఇప్పటికి ఎన్నో ఏళ్ళయింది. ఆ పాట గురించి నన్ను అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు.

షామియానా కింద పాట అయిపోయాక పాడిన అబ్బాయిని పిలిచాను. ఆటో నడుపుతాడట. ఆ పాట ఎక్కడ నేర్చుకున్నావంటే వాళ్ళ నాయనమ్మ దగ్గర అన్నాడు. చప్పట్లు ఎందుకంటే "అట్లనే కొట్టాలె అమ్మమ్మా, పద్ధతి" అన్నాడు. తర్వాత వాడే మొర పెట్టుకున్నాడు. "ఫోన్ల పెడుదమంటె రాసినోళ్ళ పేరు అడుగుతున్నరు. ఎవలను అడిగినా ఎరుకలేదంటున్నరు. పరేషాన్ అవుతున్నం."

అప్పట్లో పాటలు ఊరి మీద పడి తిరుగుతుంటే పేరు ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పాట కంటే ముందు పేరు కావాలంటున్నారు. ఏది మేలో నేను చెప్పలేను. మా అత్త ఉంటే మాత్రం ఈ ఫోను కనిపెట్టినవాడి కాళ్ళు కడిగేది.

"ఎల్లయ్య" అన్నాను. "అక్కడ ఎల్లయ్య అని పాడు."

వాడు ఉత్సాహంగా మైకు అందుకుని చివరి చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. "ఎరుక నీకే" అన్నాడు. వెనక ఆడవాళ్ళంతా అలవాటు కొద్దీ ఫట్టుమని చరిచారు. పేరు ఆ సప్పుడు కింద పడిపోయింది, మైకులో కూడా వినబడలేదు. చూసుకుంటే నా చేతులూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"మళ్ళ పాడు" అన్నాను. కర్ర ఆనుకుని లేచి వెనక్కు తిరిగి, ఆడవాళ్ళతో బళ్ళో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. "ఎవ్వరూ చప్పట్లు కొట్టద్దు. చేతులు కట్టుకోండి."

కట్టుకున్నారు. వాడు పాడాడు.

మధ్యలో ఈ మోత ఎవరిదొ – ఎరుక నీకే ఎల్లయ్యా

షామియానా కింద ఏ సప్పుడూ లేదు. పేరు స్పష్టంగా వినబడింది, వీధి చివర దాకా. నాకు ఏడుపు వచ్చింది. కర్మ నాడు కాబట్టి అందరూ మా వదిన కోసమే అనుకున్నారు.

వెనక వరసలో ఒక పడుచుపిల్ల, చంకలో బిడ్డ, చేతినిండా కొత్త గాజులు, ముందుకు వంగి అడిగింది. "ఎల్లయ్య అంటె ఎవలు అమ్మమ్మా?"

"గాజులాయన" అన్నాను, ఆమె పక్కకు కుర్చీ జరుపుకుంటూ. "మా అవ్వ చెయ్యి గట్టిది. ఆ చేతికి గాజులు తొడుగుతూ..."